దూరం నుంచి అందించే మానసిక వైద్యానికి రోగి సమ్మతి తీసుకునే విధానం

వీడియో కాల్, ఫోన్ లేదా సందేశాల ద్వారా మానసిక వైద్యం అందించే సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, కౌన్సెలర్లు రోగి నుంచి సమ్మతి ఎలా తీసుకోవాలో, దాన్ని ఎప్పుడెప్పుడు మళ్లీ అడగాలో, ఎలా నమోదు చేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది. రోగులూ వారి కుటుంబ సభ్యులూ దీన్ని చదివితే తమకు ముందుగా ఏమేం చెప్పాలో, తాము ఏమేం అడగవచ్చో తెలుస్తుంది.

ఈ తరహా వైద్యం అంత కొత్తదేమీ కాదు. అమెరికాలో ఒమాహా నగరంలోని నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్ 1959లోనే రెండు వైపులా కనిపించి వినిపించే టెలివిజన్‌ను వాడటం మొదలుపెట్టింది; 1964లో దాదాపు 180 కిలోమీటర్ల దూరంలోని నార్‌ఫోక్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంతో అనుసంధానం ఏర్పరచుకుంది. ఆ ఏర్పాటులో రెండు చివరలా ఆస్పత్రే ఉండేది. ఇప్పుడు ఒక చివర రోగి పడకగది ఉంటుంది, లేదా రోడ్డు పక్కన ఆపిన కారు, లేదా నలుగురు తిరిగే కార్యాలయంలో ఒక మూల. ఆస్పత్రిలో గోడలు, తలుపు, సిబ్బంది కలిసి కల్పించే భద్రతలో ఎక్కువ భాగాన్ని ఇప్పుడు రోగితో మాట్లాడి, వారి అంగీకారంతో ఏర్పాటు చేసుకోవలసి వస్తోంది. అందుకే దూరవైద్యంలో చికిత్సకు ఒప్పుకున్నంత మాత్రాన సమ్మతి పూర్తి కాదు. రోగి ఎక్కడ కూర్చుని మాట్లాడతారు, ఆ మాటలు ఎవరికి వినిపిస్తాయి, మధ్యలో లైన్ తెగిపోతే ఏం చేస్తాం అన్న మూడు విషయాల మీదా ఇద్దరికీ ఒప్పందం కుదరాలి. సమ్మతి పత్రాల్లో ఈ మూడింటికీ దక్కవలసినంత చోటు దక్కడం లేదన్నది నా అభిప్రాయం. కాబట్టి వీటి గురించే ఎక్కువగా చెబుతాను.

మొదటి సెషన్‌కు ముందు

రోగి ఏ దేశంలో, ఏ రాష్ట్రంలో ఉండి మాట్లాడతారో ముందుగా కనుక్కోండి. చాలా చోట్ల వైద్యం జరిగిన ప్రదేశంగా రోగి ఉన్న చోటునే లెక్కిస్తారు గనుక, అక్కడివారికి వైద్యం చేసే అర్హత మీకు ఉందో లేదో, నోటిమాటగా ఇచ్చిన సమ్మతి చెల్లుతుందో, రాతపూర్వకంగా ఉండి తీరాలో అక్కడి నిబంధనల్లోనే చూసుకోవాలి. ఉదాహరణకు భారతదేశం 2020 మార్చిలో వెలువరించిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, రోగి తానే వైద్యుణ్ణి సంప్రదిస్తే సమ్మతి ఉన్నట్టే భావించవచ్చు. వైద్యుడు గానీ ఆరోగ్య కార్యకర్త గానీ సంరక్షకుడు గానీ సంప్రదింపు మొదలుపెడితే మాత్రం రోగిని స్పష్టంగా అడిగి, ఆ జవాబును నమోదు చేయాలి. జలుబుకో, చర్మం మీది దద్దుకో మందు అడిగే సందర్భంలో ఆ వెసులుబాటు సబబుగానే ఉంటుంది. మానసిక వైద్యంలో మాత్రం ముందుగా ఎవరు ఫోన్ చేసినా స్పష్టంగానే అడగాలని నా సలహా. కాల్ చేసిన వ్యక్తి సాయం కోరుతున్నారన్నది నిజమే. అయితే తన మాటలు ఎక్కడ నిల్వ అవుతాయో, ప్రమాదం కనిపిస్తే మీరు ఎవరికి కబురు చేస్తారో వారికి అప్పటికి తెలియదు.

సమ్మతి పత్రాన్ని ఒకటి రెండు రోజుల ముందే పంపితే, రోగి దాన్ని తీరిగ్గా చదువుకుని, కావాలంటే నమ్మకస్తులతో మాట్లాడి, సందేహాలతో రాగలుగుతారు. అది రోగి రోజూ మాట్లాడే భాషలో, రెండు పేజీలు మించకుండా ఉండాలి. చదవడం కష్టమైన వారికి అదే విషయాన్ని మీ గొంతుతో రికార్డు చేసి పంపవచ్చు. యాప్ తెరవగానే కనిపించే ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిని నొక్కడాన్ని వైద్యానికి ఇచ్చిన సమ్మతిగా ఎప్పుడూ లెక్కించకండి. అది ఆ యాప్ నడిపే కంపెనీకీ వినియోగదారుకూ మధ్య ఒప్పందం, దానిలో మీ చికిత్స ప్రస్తావనే ఉండకపోవచ్చు.

పత్రం పంపే ముందు ఒక చిన్న ప్రశ్న తప్పక అడగండి: ఈ ఫోన్‌ను మీరొక్కరే వాడతారా, ఇంట్లో ఇంకెవరైనా చూస్తారా? ఇంటిల్లిపాదీ వాడే ఫోన్ తెర మీద మానసిక వైద్యుడి పేరుతో ఒక్క సందేశం మెరిసినా, రోగి దాచుకోవాలనుకున్న విషయం బయటపడిపోతుంది. సందేశాల్లో మీ పేరు ఎలా కనిపించాలో, ఏ వేళల్లో పంపవచ్చో, ఫోన్ వేరొకరు ఎత్తితే మీరు ఎవరినని చెప్పుకోవాలో రోగి ఎంపికకే వదిలేయండి.

కాల్ మొదలైన వెంటనే మీ పూర్తి పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి, ఆ తర్వాతే రోగి పేరు, వయసు నిర్ధారించుకోండి. తెర మీద కనిపించే మనిషి నిజంగా వైద్యుడేనా అని తెలుసుకునే హక్కు రోగికి ఉంది కాబట్టి ఈ వరుస ముఖ్యం.

గది గురించి మాట్లాడటం

ముఖాముఖి వైద్యంలో తలుపు వేసే బాధ్యత మీది. ఇక్కడ ఆ తలుపు రోగి చేతిలో ఉంది, ఒక్కోసారి రోగి చేతిలో కూడా ఉండదు. ఒకే గదిలో అందరూ ఉండే ఇంట్లో, అత్తమామలతోనో సహోద్యోగులతోనో కలిసి ఉంటున్నచోట, ‘ఏకాంతంగా ఉండే చోటు చూసుకోండి’ అని పత్రంలో ఒక వాక్యం రాసినంత మాత్రాన ఏకాంతం దొరకదు. కాబట్టి రోగితో కలిసి వెతకండి. ఇంట్లో ఎవరూ లేని వేళ ఏది, ఆరుబయట నడుస్తూ ఫోన్‌లో మాట్లాడటం నయమా, దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో ఒక గది అడిగి చూడవచ్చా అని ఆలోచించండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మీ ప్రశ్నలు పక్కవారికి వినిపించవు గానీ, రోగి జవాబులు వినిపిస్తూనే ఉంటాయన్న సంగతి గుర్తు చేయండి. సున్నితమైన విషయం వచ్చినప్పుడు నోటితో చెప్పకుండా టైపు చేయవచ్చని చెప్పి, ఆ రాతలు తర్వాత ఎక్కడ మిగిలి ఉంటాయో కూడా చెప్పండి. మాటలు వింటూ ఉండే స్మార్ట్ స్పీకర్లు గదిలో ఉంటే ఆపేయమనడం మంచిది.

ప్రతి సెషన్ మొదట్లోనూ ‘ఇప్పుడు మీరున్న చోట ఎవరైనా ఉన్నారా, మన మాటలు వినపడే దూరంలో ఎవరైనా ఉన్నారా’ అని అడగాలి. ఈ ప్రశ్నకు అవును, కాదు అన్న ఒక్క మాటతో జవాబు చెప్పగలిగేలా ఉండటం అవసరం, ఎందుకంటే పక్కన ఎవరో నిలబడి ఉన్నప్పుడు రోగి వివరించి చెప్పలేరు. ఇంట్లో హింసకు గురవుతున్న వ్యక్తి విషయంలో ఆ ‘ఎవరూ లేరు’ అన్న జవాబు కూడా భయంతో వచ్చినది కావచ్చు. అందుకే మొదటి సెషన్‌లోనే, రోగి నిజంగా ఒంటరిగా ఉన్నారని నమ్మకం కుదిరిన వేళ, ఒక సంకేత పదాన్ని అనుకోండి. ఆ మాట వినిపిస్తే మీరు చర్చను వెంటనే నిద్ర గురించో, తర్వాతి అపాయింట్‌మెంట్ గురించో మళ్లించి, మామూలుగా ముగిస్తారు. ఈ పదాన్ని నోటితోనే ఖరారు చేసుకోవాలి, సందేశంలో రాసి పంపకూడదు.

ఇదే నియమం మీకూ వర్తిస్తుంది. మీ గదిలో ఎవరున్నారో రోగికి చెప్పండి, అడిగితే కెమెరా తిప్పి చూపించండి. శిక్షణలో ఉన్న విద్యార్థి గానీ, దుబాసీ గానీ వింటూ ఉంటే, వారి పేరు, పాత్ర చెప్పి విడిగా అనుమతి తీసుకోవాలి. తెర మీద కనిపించకుండా కూర్చుని వినే మూడో మనిషి ఉన్నారని తర్వాత తెలిస్తే, రోగికి మీ మీద ఉన్న నమ్మకం తిరిగి రావడం చాలా కష్టం.

లైన్ తెగితే, ప్రమాదం కనిపిస్తే

చనిపోవాలనిపిస్తోందని రోగి చెబుతున్న క్షణంలో నెట్‌వర్క్ పోవచ్చు. ఆ పరిస్థితి వచ్చాక ఆలోచించడానికి వ్యవధి ఉండదు గనుక, ఏం చేయాలో సమ్మతి తీసుకునేటప్పుడే తేల్చుకోవాలి. కాల్ తెగితే తిరిగి ఎవరు చేస్తారు, ఏ నంబరుకు చేస్తారు, ఎన్ని నిమిషాలు చూసి తర్వాతి అడుగు వేస్తారు అన్నవి రోగి ముందే రాసుకోండి. పత్రంలో ఉన్న చిరునామాతో సరిపెట్టుకోకుండా, రోగి ఆ రోజు ఉన్న చోటును ప్రతి సెషన్‌లోనూ అడగండి, ఎందుకంటే మనుషులు ఊళ్లు తిరుగుతుంటారు. మీరు మీ ఫోన్ నుంచి అత్యవసర నంబరుకు కాల్ చేస్తే అది మామూలుగా మీ ప్రాంతపు కేంద్రానికే వెళ్తుంది. అందుచేత రోగి ఉన్న ప్రాంతంలోని అంబులెన్సు, పోలీసు స్టేషన్, ఆస్పత్రి నంబర్లను ముందే సేకరించి, రోగి ఫైలు మొదటి పేజీలో ఉంచుకోవాలి.

గోప్యతకు ఉన్న హద్దును దాచకుండా చెప్పాలి. రోగి వల్ల ఫలానా వ్యక్తికి తీవ్రమైన ప్రమాదం ఉందని చికిత్సకుడికి తెలిస్తే, ఆ వ్యక్తిని కాపాడేందుకు తగిన జాగ్రత్త తీసుకునే బాధ్యత అతనికి ఉందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో టరాసాఫ్ కేసులో తీర్పు చెప్పింది. ఆ తర్వాత అనేక చోట్ల చట్టాలు ఈ బాధ్యతను ఏదో ఒక రూపంలో గుర్తించాయి. పిల్లల మీద జరిగే హింసను అధికారులకు తెలియజేయడం కూడా చాలా దేశాల్లో తప్పనిసరి. ఈ సంగతిని ఇలాంటి మాటల్లో చెప్పవచ్చు:

‘మీరు నాతో చెప్పేవి మీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పను. మీ ప్రాణానికి గానీ ఇంకొకరి ప్రాణానికి గానీ వెంటనే ముప్పు ఉందని నాకు అనిపిస్తే మాత్రం ఊరుకోలేను. అప్పుడు మీరు పేరు ఇచ్చిన వ్యక్తికో, మీ దగ్గరి అత్యవసర సేవలకో ఫోన్ చేస్తాను. వీలైనంత వరకు మీకు చెప్పాకే చేస్తాను. ఆ వ్యక్తి ఎవరైతే మీకు ధైర్యంగా ఉంటుంది? వారికి ఎంతవరకు చెప్పమంటారు?’

ఆఖరి ప్రశ్నను వదిలిపెట్టకండి. అత్యవసర సమయంలో పిలవడానికి ఒప్పుకోవడమూ, తన జబ్బు వివరాలన్నీ వారికి చెప్పడానికి ఒప్పుకోవడమూ వేర్వేరు విషయాలు. ‘మా తమ్ముణ్ణి పిలవండి, కానీ మందుల సంగతి చెప్పకండి’ అని రోగి అంటే, ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి. పేరు ఇచ్చిన వ్యక్తికి ఈ విషయం తెలుసా, రాత్రివేళ ఫోన్ ఎత్తుతారా అని కూడా అడగాలి.

మాటలు, రాతలు ఎక్కడ నిల్వ అవుతాయి

ఫిన్లండ్‌లో మానసిక చికిత్స అందించే వాస్తామో అనే సంస్థ రికార్డులు దొంగల పాలైన విషయం 2020లో బయటపడింది. దాదాపు 33,000 మంది రోగుల వివరాలు వారి చేతికి చిక్కాయి. డబ్బు ఇవ్వకపోతే సెషన్లలో చెప్పుకున్న విషయాలను బయటపెడతామని రోగులకే నేరుగా బెదిరింపు ఈమెయిళ్లు వచ్చాయి. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ వినియోగదారుల సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి సంస్థలతో పంచుకుందన్న అభియోగం మీద, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించాలని ఆదేశించింది. మొదటి ఉదంతంలో రికార్డులకు రక్షణ లేకపోయింది. రెండో దానిలో సంస్థే సమాచారాన్ని బయటికి పంపిందన్నది ఆరోపణ. రోగి అనుమతిని అడిగేటప్పుడు ఈ రెండు రకాల ప్రమాదాల గురించీ చెప్పాలి.

‘మీ సమాచారం పూర్తిగా భద్రం’ అని హామీ ఇవ్వకండి, ఆ హామీ ఎవరూ నిలుపుకోలేరు. ఏ యాప్ వాడుతున్నారో, అది కాల్‌ను రికార్డు చేస్తుందో లేదో, మీ నోట్సు ఎక్కడ ఉంటాయో, వాటిని ఎవరెవరు తెరవగలరో, ఎన్నేళ్లు ఉంచుతారో, రోగి తన నకలు ఎలా అడగాలో మాత్రం తేటగా చెప్పండి. వీటిలో దేనికైనా మీ దగ్గర జవాబు లేకపోతే, ఆ యాప్‌ను రోగుల కోసం వాడటం అప్పుడే మొదలుపెట్టకండి.

సెషన్‌ను రికార్డు చేయడానికి విడిగా సమ్మతి కావాలి. దానికి ఒప్పుకోనందువల్ల చికిత్స ఆగదని ముందే చెప్పాలి. రోగి కూడా మీకు తెలియకుండా రికార్డు చేయకూడదన్న మాట అనుకోవాలి. ఇటీవల సంభాషణను విని నోట్సు తయారుచేసే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. వాటిని వాడితే రోగి గొంతు మూడో సంస్థకు చేరుతోందని అర్థం. కాబట్టి రికార్డింగ్‌కు అడిగినట్టే దీనికీ విడిగా అడగాలి, వద్దంటే ఆపేయాలి. భారతదేశపు 2020 మార్గదర్శకాలు కృత్రిమ మేధతో నడిచే వేదికలు తమంతట తాముగా రోగికి సలహా చెప్పడాన్నీ, మందులు రాయడాన్నీ అనుమతించలేదు; ఇతర చోట్ల నిబంధన ఏదైనా, తాను మనిషితో మాట్లాడుతున్నారో, యంత్రంతో మాట్లాడుతున్నారో రోగికి తెలిసి తీరాలి.

చికిత్స గురించి చెప్పవలసినవి

ఇది మీకు అలవాటైన భాగమే కనుక క్లుప్తంగా చెబుతాను. కుంగుబాటు, ఆందోళన వంటి సమస్యలకు వీడియో ద్వారా ఇచ్చే మాటల చికిత్స ముఖాముఖి చికిత్సకు దాదాపు సమానంగా పనిచేస్తున్నట్టు అనేక పరిశోధనల్లో తేలింది. అయితే దూరం నుంచి శరీరాన్ని పరీక్షించలేరు, చేతుల వణుకు, నడక, బరువు మార్పు వంటివి కంటికి ఆనకపోవచ్చు, లిథియం వంటి మందులు వాడేవారు రక్తపరీక్షలకు స్వయంగా వెళ్లక తప్పదు, కొన్ని నియంత్రిత మందులను దూరం నుంచి రాయడానికి చట్టం ఒప్పుకోకపోవచ్చు. ఫీజు, రద్దు చేసుకునే పద్ధతి, సెషన్ల మధ్య సందేశం పెడితే ఎంతసేపటికి జవాబిస్తారన్నది ముందే చెప్పండి. నేరుగా వచ్చి కలవడం, దగ్గరలో మరొకరిని చూడటం, ఇప్పటికి ఏమీ చేయకుండా ఉండటం కూడా రోగి ముందున్న దారులే.

రోగి నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నారా?

నిర్ణయ సామర్థ్యాన్ని చూసేందుకు పాల్ ఆపెల్‌బామ్, థామస్ గ్రిసో 1988లో చెప్పిన నాలుగు అంశాలు నేటికీ ఉపయోగపడుతున్నాయి: చెప్పింది అర్థమైందా, అది తన పరిస్థితికి ఎలా వర్తిస్తుందో గ్రహించారా, మంచిచెడులను బేరీజు వేసుకోగలరా, తన ఎంపికను తెలియజేయగలరా. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన ఇవి లేవని అనుకోకూడదు. రోగి నిర్ణయం మీకు తెలివితక్కువగా తోచినా, అదొక్కటే సామర్థ్యం లేదనడానికి ఆధారం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలయ్యే 2005 నాటి మానసిక సామర్థ్య చట్టమూ, భారతదేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ ఈ మాటే చెబుతున్నాయి.

దూరం నుంచి దీన్ని అంచనా వేయడంలో ఒక చిక్కు ఉంది. రోగి తల ఊపుతుంటే అర్థమైందని మనం అనుకుంటాం. శబ్దం సరిగా రాకపోయినా మొహమాటానికి తల ఊపేవారు చాలామంది. అందువల్ల ‘అర్థమైందా’ అని అడగకుండా, ‘నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, లైన్ తెగితే మనం ఏం చేస్తామో మీ మాటల్లో ఒకసారి చెప్పండి’ అని అడగండి. జవాబు తప్పుగా వస్తే వేరే మాటల్లో మళ్లీ వివరించండి. మత్తులో ఉన్నా, తీవ్రమైన భ్రమల్లో ఉన్నా, కెమెరా ద్వారా ఎవరో తనను గమనిస్తున్నారన్న భయం ఉన్నా ఆ రోజుకు సమ్మతి ప్రస్తావన వాయిదా వేసి, భద్రత చూడటం ముందు పని. అలాంటి భయం ఉన్న రోగికి వీడియో అసలు తగిన మార్గమేనా అని కూడా ఆలోచించాలి.

పిల్లలు, కుటుంబ సభ్యులు

ఎన్నేళ్ల వయసు నుంచి సొంతంగా సమ్మతి ఇవ్వవచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లండ్‌లో చికిత్సకు 16 ఏళ్లు నిండితే చాలు, భారతదేశపు 2017 చట్టం 18 ఏళ్లు నిండనివారిని మైనర్లుగా చూస్తుంది. చట్టరీత్యా తల్లిదండ్రులే సంతకం చేయవలసినప్పుడు కూడా, పిల్లల వయసుకు తగ్గట్టుగా విషయం చెప్పి వారి ఇష్టాన్ని విడిగా అడగండి. సెషన్లలో విన్నవాటిలో ఏవి తల్లిదండ్రులకు చెబుతారు, ఏవి చెప్పరు అన్నది ముగ్గురూ ఉన్నప్పుడే ఖరారు చేయాలి.

పెద్దవారి విషయంలో, కాల్ ఏర్పాటు చేసినది కొడుకో భార్యో అయినా సమ్మతి ఇవ్వవలసింది రోగే. ఫోన్ పట్టుకున్నవారే అన్ని ప్రశ్నలకూ జవాబిస్తుంటే, వారికి కృతజ్ఞత చెప్పి, కొన్ని నిమిషాలు రోగితో విడిగా మాట్లాడే అవకాశం అడగండి. ‘మీరు ఇష్టపడే వచ్చారా’ అన్న ప్రశ్నకు నిజమైన జవాబు సాధారణంగా ఆ కొద్ది నిమిషాల్లోనే దొరుకుతుంది.

మళ్లీ అడగడం, నమోదు చేయడం

ఒకసారి ఇచ్చిన సమ్మతి చిరకాలం చెల్లదు. ఫోన్ నుంచి వీడియోకు మారినా, కొత్త యాప్ వచ్చినా, కొత్త మందు మొదలుపెట్టినా, సెషన్‌లోకి మరొకరిని చేర్చుకున్నా, రోగి వేరే దేశానికి వెళ్లినా మళ్లీ అడగండి.

నమోదు చేసేటప్పుడు ‘సమ్మతి తీసుకున్నాను’ అన్న రెండు మాటలతో ముగించకండి. తేదీ, సమయం, ఏ భాషలో మాట్లాడారు, రోగి ఎక్కడ ఉన్నారు, ఇంకెవరు ఉన్నారు, ఏయే విషయాలు చెప్పారు, రోగి ఏం అడిగారు, దేనికి ఒప్పుకున్నారు, దేనికి ఒప్పుకోలేదు అన్నవి రాయండి. అర్థమైందో లేదో చూసుకున్నప్పుడు రోగి చెప్పిన వాక్యాన్ని వారి మాటల్లోనే రాస్తే, తర్వాత ఆ ఫైలు చూసే మరో వైద్యుడికి అది సంతకం కంటే ఎక్కువ విషయం చెబుతుంది. సంకేత పదాన్ని మాత్రం కుటుంబ సభ్యులు చూడగలిగే పోర్టల్‌లో ఉంచకండి.

రోగి సమ్మతిని వెనక్కి తీసుకుంటే కారణం చెప్పమని పట్టుబట్టకూడదు. దేన్ని వద్దంటున్నారో మాత్రం తెలుసుకోండి: వీడియోనా, రికార్డింగా, తమ్ముడికి ఫోన్ చేయడమా, మొత్తం చికిత్సా? కెమెరా ఆపి మాటలతోనే కొనసాగిస్తే సరిపోయే సందర్భాలూ ఉంటాయి. చికిత్సే వద్దంటే, వాడుతున్న మందులను ఒక్కసారిగా ఆపేయడం వల్ల వచ్చే ఇబ్బందులు వివరించి, నేరుగా కలవగల మరో వైద్యుడి వివరాలు ఇచ్చి, అప్పటివరకు రాసిన రికార్డులు చట్టం ప్రకారం ఎంతకాలం ఉంటాయో చెప్పండి. ఆ సంభాషణ జరిగిన తేదీనీ, రోగి తిరిగి రావాలనుకుంటే సంప్రదించవలసిన నంబరునూ వారు సురక్షితమని చెప్పిన మార్గంలోనే పంపండి.